ఎడమ చెయ్యి కాస్త దూరంగా

శిక్షణా శిబిరం,
మూడో అంతస్తు, కిటికీ పక్క మంచం

అత్తా,

చేరాను. నాన్నకి విడిగా రాయలేదు, నువ్వే చెప్పు. ఫోన్లన్నీ మొదటి రోజే ఆఫీసు బీరువాలో పెట్టి తాళం వేసేశారు. ఉత్తరాలకి మాత్రం అడ్డు లేదట. ఆ మాట వినగానే అందరూ మొహాలు వేలాడేసుకున్నారు, నాకు లోపల్లోపల సంబరం. ఈ మధ్య తెల్ల కాగితం కనబడితే నా చెయ్యి ఊరుకోవడం లేదని నీకు తెలుసుగా.

గది చిన్నది. రెండు మంచాలు, ఒక ఫ్యాను. అది తిరుగుతుంటే ఎవరో మన మీద గొణుగుతున్నట్టు ఉంటుంది. రెండో మంచం అమ్మాయిని అందరూ తాబేలు అంటారు. తనేమీ అనుకోదు. మెట్లెక్కడం, జడ వేసుకోవడం, మాటకి మాట చెప్పడం, అన్నీ నింపాదిగా చేస్తుంది. స్క్వాట్ కూడా అంతే. బార్ వీపున పెట్టుకుని నింపాదిగా గొంతుక్కూర్చుంటుంది, నింపాదిగా లేస్తుంది, బరువు వీపు మీద ఉన్న సంగతి గుర్తులేనట్టు. తనదీ నా బరువు విభాగమే. శిబిరం చివర్లో ఎంపిక పోటీ పెట్టి విభాగానికి ఒక్కరినే జట్టులోకి తీసుకుంటారు. అంటే తనో, నేనో. ఈ సంగతి ఇద్దరికీ తెలుసు. దాని గురించి మాట్లాడుకోం, దువ్వెన మాత్రం పంచుకుంటాం.

కోచ్‌ని అందరూ స్కేలు సార్ అంటారు. వెనక జేబులో ఎప్పుడూ ఒక ఉక్కు స్కేలు. దాన్ని మన వీపుకి ఆనించి, కళ్ళు చికిలించి చూసి, మళ్ళీ జేబులో పెట్టుకుంటాడు. వచ్చిన రోజే నన్ను బార్ ఇంకా కిందికి దించమన్నాడు. మనం పెట్టేది మెడ కింద ఉబ్బెత్తుగా ఉండే కండ మీద కదా. అలా కాదట, ఇంకా కిందకి, రెక్క ఎముక పైన గట్టులా తగిలే చోట, జబ్బల వెనక పెట్టాలట. అక్కడైతే నడుం కాస్త ముందుకి వాలుతుంది, తుంటి బలం కలిసొస్తుంది, ఇంకొంచెం ఎక్కువ లేపొచ్చు అంటాడు. నాకేమో బార్ జారిపోతున్నట్టే ఉంది. వీపునెక్కి ఉప్పుబస్తా ఆట ఆడుతున్న పిల్లాడు సగం దూరంలో నీరసపడి కిందికి జారుతుంటే ఎలా ఉంటుందో, అలా. నువ్వేమంటావు?

కండక్టరమ్మా, నీ బస్సు కబుర్లు రాయి. మీ డ్రైవరు హారన్ బాబాయి ఇంకా మలుపు మలుపుకీ ఎవరినో ఒకరిని తిడుతూనే ఉన్నాడా?

ఇక్కడ అంతా బాగానే ఉంది. నిజంగా.

నీ పిడుగు


డిపో,
విశ్రాంతి గది, ఒక కాలు ఊగే బల్ల

ఒసేయ్ పిడుగూ,

మీ నాన్నకి చెప్పాను. "తింటోందా?" అన్నాడు. తింటోందన్నాను. "నిద్రపోతోందా?" అన్నాడు. "అది నాకెలా తెలుస్తుందిరా, నేనేమన్నా దాని తలగడనా?" అన్నాను. అలిగి వెళ్ళిపోయాడు.

ఇక నీ బార్ సంగతి. పైన పెట్టు, కింద పెట్టు, రెండు చోట్లా లోకం లేపుతూనే ఉంది. నేను పైనే పెట్టాను, నాకు నిటారుగా ఉండటం ఇష్టం కాబట్టి. మీ సారు కింద పెట్టమంటే పెట్టి చూడు, ప్రాణమేం పోదు. ఎముక మీద మాత్రం పెట్టకు. తల వంచితే మెడ మొదట్లో ఒక బుడిపె తగులుతుందే, అది బార్‌కి సీటు కాదు. కండని బిగించు, రెక్కలు రెండూ దగ్గరికి లాగు, అప్పుడు వీపే ఒక గట్టులా తయారవుతుంది, బార్ దాని మీద కూర్చుంటుంది. జారుతోందంటే నువ్వు బిగించడం లేదన్నమాట, ఆలోచిస్తున్నావన్నమాట. నీకు ఆలోచన ఎక్కువ.

కిందికి దించితే చేతులు ఇంకా వెనక్కి మెలిపడతాయి. మణికట్టు విరిచి బార్ కింద పెట్టకు. బొటనవేలుని మిగతా వేళ్ళతో పాటు బార్ పైనే ఉంచు. మోచేతులు రెక్కల్లా పైకి లేపకు. బరువు మొయ్యాల్సింది వీపు. చేతులు కాపలా మాత్రమే, బార్ ఎటూ పారిపోకుండా.

చేతులు పట్టే చోటు మాత్రం నేను నేర్పినట్టే ఉంచు. అందులో వేలు పెట్టనివ్వకు ఎవర్నీ.

బస్సు బస్సులాగే ఉంది. హారన్ హారన్‌లాగే ఉన్నాడు. రాయడానికి ఏముంటుంది? నువ్వే రాయి. నీ అక్షరాలు అందంగా ఉంటున్నాయి, చదివి మడిచి మళ్ళీ విప్పుతున్నాను.

అత్త


శిక్షణా శిబిరం,
భోజనాల హాలు, గోడవార బల్ల

అత్తా,

"నిజంగా" అని రాశాను కదా, ఆ ఒక్క మాట అబద్ధం. మిగతాదంతా నిజమే. మొదటి రోజు జరిగింది సగమే చెప్పాను. మిగతా సగం ఇది.

బార్ కిందికి దించమన్నాక స్కేలు సార్ అక్కడే ఆగిపోయాడు. సుద్దముక్క తీసుకుని బార్ మీద నా చేతుల పక్కన రెండు గీతలు గీశాడు. తర్వాత నన్ను బార్ కిందినుంచి బయటికి రమ్మని ఆ గీతలు చూపించాడు.

"కుడి చెయ్యి ఇక్కడ. ఎడమ చెయ్యి అక్కడ, ఇంచుమించు చివరి బరువు ప్లేట్ల దగ్గర. అంత చోటు ఎవరికి వదిలావమ్మా? చుట్టాలొస్తున్నారా?"

నాకు ఆశ్చర్యం వేసింది, ఇంత పెద్ద కోచ్‌కి ఈ మాత్రం తెలియదా అని. ఎంత ధీమాగా చెప్పానో తెలుసా?

"ఎడమ చెయ్యి కాస్త దూరంగా ఉండాలి సార్. గుండెకి గాలాడాలి కదా."

హాలంతా ఒక్కసారి గొల్లుమంది. తాబేలు కూడా నవ్వింది, అందరికంటే ఆలస్యంగా. సార్ మాత్రం నవ్వలేదు. "ఎవరు చెప్పారు నీకు?" అన్నాడు. నేను నీ పేరెత్తలేదు. నాకే తోచింది అన్నాను.

అప్పటినుంచి రోజూ అదే గొడవ. నేను కూర్చున్నప్పుడు బార్ కుడివైపుకి వాలుతోందట. కుడి తుంటి ఎక్కువ మోస్తోందట. స్కేలు పెట్టి మరీ చూపించాడు. ఇంకో సంగతి ఎవరికీ చెప్పలేదు, తాబేలుకి కూడా. పొద్దున్నే మెట్లు దిగుతుంటే కుడి తుంటిలో లోపలెక్కడో కలుక్కుమంటోంది. రెండు మెట్లు దిగాక పోతుంది. అందుకే ఆ రెండు మెట్లూ అందరికంటే ముందు దిగేస్తున్నాను.

చిన్నప్పుడు నువ్వు బార్ ఎత్తే షెడ్డులో బకెట్టు బోర్లించి దాని మీద కూర్చుని నిన్ను చూసేదాన్ని. నీ మొహం కంటే నీ వీపు నాకు బాగా తెలుసు. ఎడమ చెయ్యి అంత దూరం ఎందుకు అని అప్పుడెప్పుడో అడిగితే గుండెకి గాలాడాలన్నావు. మళ్ళీ అడగలేదు. లోకమంతా అలాగే పడుతుందనుకున్నాను. ఇక్కడికి వచ్చాక చూస్తే ఎవరూ అలా పట్టడం లేదు. అందరి చేతులూ బార్ మీద రెండువైపులా కొలతకి చెక్కి ఉండే రింగు గీతలకి సమానంగా ఉన్నాయి.

అత్తా, అసలు ఎందుకు అలా పడతావు నువ్వు?

పిడుగు


డిపో,
అదే బల్ల

పిడుగూ,

ఎందుకు పడతానా? లేస్తోంది కాబట్టి పడతాను. నీ వయసులో నేను లేపినంత ఆ సారు లేపాడేమో కనుక్కో. స్కేలు జేబులో పెట్టుకున్న ప్రతివాడూ వచ్చి నా షెడ్డులో గీతలు గీస్తే ఊరుకోను. వంకరట! వంకరగా ఉంటే ఇన్నేళ్ళు నా వీపు మీంచి బార్ ఒక్కసారైనా పడాలి కదా? పడలేదు.

నీ తుంటికి వేడినీళ్ళు కాపడం పెట్టు. పడుకునేటప్పుడు కుడివైపు తిరిగి పడుకోకు.

బస్సుకి వేళవుతోంది.

అత్త


డిపో వెనక వీధి,
దర్జీ కొట్టు అరుగు మీద

పిడుగూ,

నీ జవాబు రాకముందే మళ్ళీ రాస్తున్నాను. నిన్నటి ఉత్తరం డబ్బాలో పడేసిన దగ్గర్నుంచి నా ఒళ్ళు నా మాట వినడం లేదు. కూర్చుంటే లేవాలనిపిస్తోంది, లేస్తే ఎక్కడికి వెళ్ళాలో తెలియడం లేదు. చివరికి హారన్‌ని పట్టుకున్నాను. నేల తుడిచే కర్ర ఒకటి తీసుకుని, బార్ పెట్టినట్టు వీపు మీద పెట్టుకుని, "వెనకనుంచి చూసి చెప్పు, తిన్నగా ఉందా?" అన్నాను.

చక్రాలు చూసుకునే డ్రైవరులా నా వెనక రెండుసార్లు వంగి లేచాడు.

"చెప్పవయ్యా!"

"ఏం చెప్పమంటావు తల్లీ? ముందు చక్రంలో గాలి దిగిన బండిలా ఉన్నావు."

"వంకరా?"

"వంకరంటే వంకర కాదు. ఎటు తిప్పాలో మర్చిపోయిన స్టీరింగులా ఉంది."

నేను నమ్మలేదు. ఈ దర్జీ దగ్గర రెండు నిలువుటద్దాలు ఉన్నాయి, ఎదురెదురుగా. కర్ర పట్టుకుని అందులో దూరాను. దర్జీ భయపడి కత్తెర పట్టుకున్నాడు. "నిన్నేం కొట్టను, అటు తిరుగు" అన్నాను.

చూసుకున్నాను పిడుగూ. నా వీపుని నేను ఇన్నేళ్ళలో చూసుకోలేదు. ఎడమ చేతిని కుడి చెయ్యికి సమానంగా లోపలికి తెద్దామంటే రాదు. ఒక హద్దు దగ్గర ఆగిపోతుంది, తలుపు వెనక సామాను అడ్డుపడినట్టు. నువ్వు పుట్టకముందు నేను బస్సు ఫుట్‌బోర్డు మీంచి జారి పడ్డాను. మెడకీ భుజానికీ మధ్య ఉండే కాలర్ ఎముక విరిగింది. అతుక్కుంది కానీ ఎలా పడితే అలా అతుక్కుంది. మళ్ళీ బార్ ఎత్తుకున్న రోజున చెయ్యి వెనక్కి రాకపోతే కొంచెం బయటికి జరిపాను. అప్పటికీ రాకపోతే ఇంకొంచెం. ఎక్కడైతే నొప్పి లేకుండా పట్టు దొరికిందో అక్కడ ఆగాను. అది నా చెయ్యి పట్టే చోటు. నా ఒక్కదానికే.

గుండెకి గాలాడాలని అన్నానా? అనే ఉంటాను. నువ్వు బకెట్టు మీద కూర్చుని అదెందుకు, ఇదెందుకు అని చంపేదానివి. ఊపిరాడక ఏదో ఒకటి అనేసి ఉంటాను. నువ్వు దాన్ని ఇన్నేళ్ళు మోస్తావని ఎవరికి తెలుసు?

చేతులు సమానంగా పెట్టుకో. నీ భుజానికి ఏ జబ్బూ లేదు.

అత్త


శిక్షణా శిబిరం,
మెట్ల మీద

అత్తా,

నీ రెండు ఉత్తరాలూ ఒకేసారి వచ్చాయి. ముందు రెండోది విప్పాను, తర్వాత మొదటిది. అందుకని నువ్వు ముందు ఒప్పుకుని తర్వాత కోప్పడ్డట్టు అనిపించింది. నాకూ అలాగే ఉంది, అన్నీ తలకిందులుగా.

సమానంగా పెట్టుకో అని ఒక్క ముక్కలో రాసేశావు. పెట్టుకున్నాను. ఏమైందో చెప్పనా? చేతులు రింగు గీతల మీద సరిగ్గా ఉన్నాయి, తాబేలు చూసి చెప్పింది. కానీ నాకు బార్ ఎడమవైపుకి ఒరిగిపోతున్నట్టు ఉంది. తిన్నగా ఉన్నదే నాకు వంకరగా ఉంది. సగం దిగేసరికి కాళ్ళు ఎవరివో అనిపించింది. నేను నిద్రలో కూడా లేపగలిగే బరువు కింద అందరి ముందూ కూలబడ్డాను. ఇద్దరు వచ్చి రెండువైపులా బార్ పట్టుకున్నారు. పాత పట్టు పడితే తాబేలుని దాటిపోతున్నాను. కొత్త పట్టుకి దాని దరిదాపుల్లో కూడా లేను. పోటీ ముంచుకొస్తోంది.

స్కేలు సార్‌తో చెప్పేశాను, మా అత్త నేర్పింది అని. ఎలా చెప్పానో తెలుసా? ఫిర్యాదు చేసినట్టు. చెప్పగానే నాలుక కరుచుకున్నాను. "మీ అత్త భుజానికి ఏమైంది?" అని మాత్రం అడిగాడు. చెప్పాను. "అయితే ఆవిడ తెలివైన మనిషే. తన భుజానికి సరిపడే పట్టు వెతుక్కుంది. నువ్వు వెతుక్కోలేదు" అన్నాడు. తర్వాత ఇంకో మాట అన్నాడు. "రూల్సులో చేతులు ఎక్కడ పెట్టాలో లేదు. పోటీలో నీ ఇష్టం. ఎక్కువ లేపినవాళ్ళనే నేను తీసుకుంటాను, నీ తుంటి సంగతి నువ్వు చూసుకో."

అంటే నిర్ణయం నా మీద పడేశాడు. నాకది నచ్చలేదు. తిడితే బాగుండేది.

నీ మీద కోపంగా ఉంది. ఎందుకని అడిగితే సరిగ్గా చెప్పలేను. నీకు తగిలిన దెబ్బ నాకు తగలకుండానే నా ఒంట్లోకి వచ్చి కూర్చుంది. నీ భుజం గురించి ఒక్క ముక్క, ఒక్కసారి చెప్పి ఉంటే చాలు కదా?

పాత పట్టే పడదామనుకుంటున్నాను. ఈ ఒక్కసారికి. జట్టులోకి వెళ్ళాక తీరిగ్గా మార్చుకుంటాను. కలుక్కుమనేది రెండు మెట్లే కదా. నిన్న నాలుగు మెట్లయింది, అయినా సరే.

నువ్వు సరే అను. అనకపోయినా అలాగే చేస్తానేమో, కానీ అను.

పిడుగు


డిపో,
టికెట్ల కౌంటరు, అద్దం వెనక

పిడుగూ,

పైన రాసిన చోటు మళ్ళీ చదువు. నేను బస్సులో లేను. చలికాలం నుంచి ఇక్కడే, ఈ గాజు అద్దం వెనకే. పొద్దున్న కూర్చోబెడతారు, సాయంత్రం లేపుతారు. మొహాలు కనబడవు, అద్దానికి ఉన్న చిన్న కన్నంలోంచి చేతులు మాత్రమే కనబడతాయి. హారన్ పక్కన ఇప్పుడు ఎవరో కొత్త పిల్ల ఉంది. వాడి తిట్లకి ఆ పిల్ల ఎదురు తిట్లు తిడుతోందట, మంచిదే.

కుడి తుంటి పిడుగూ. ముందు మెట్లు దిగేటప్పుడే కలుక్కుమనేది. నేనూ అందరికంటే ముందు దిగేసేదాన్ని. తర్వాత బస్సు బ్రేకు వేసినప్పుడల్లా అనేది. తర్వాత ఊరికే నిల్చున్నా అనడం మొదలుపెట్టింది. కీలు అరిగిపోయింది, ఆపరేషన్ చెయ్యాలి అంటాడు డాక్టరు. చేయించుకుంటే షెడ్డుకి తాళం వెయ్యమంటాడేమోనని మళ్ళీ అటువైపు వెళ్ళలేదు. మీ నాన్నకి తెలియదు. నీకు తెలియనివ్వకూడదనే కౌంటరు మాట దాచాను. అత్త అంటే కదిలే బస్సులో దేన్నీ పట్టుకోకుండా నిల్చునే మనిషి అని నువ్వు నలుగురికీ చెప్పుకునేదానివి. ఆ మనిషి కౌంటర్లో కూర్చుందని నీకెలా రాయను?

అంతా స్క్వాట్ వల్లేనా అంటే డాక్టరు తేల్చి చెప్పలేదు. నిలువుకాళ్ళ ఉద్యోగం, వయసు, అన్నీ కలిసి అన్నాడు. మరి కుడివైపే ఎందుకని నేను అడగలేదు. అద్దాల మధ్య నిలబడ్డ రోజున అడక్కుండానే తెలిసింది.

సరే అను అన్నావు. అనను. వద్దని కూడా అనను. నేను నీ వయసులో ఉంటే పాత పట్టే పట్టి ఉండేదాన్ని, ఆ సంగతి నాకు తెలుసు, నీకూ తెలుసు. తీరిగ్గా మార్చుకోవడం అనేది మాత్రం ఉండదు. జట్టులోకి వెళ్ళాక ఇంకో పోటీ ఉంటుంది, దాని తర్వాత ఇంకోటి. లేచే పట్టుని ఎవరూ వదలరు.

తిన్నగా ఉన్నది వంకరగా ఉందన్నావే, నాకు వంకర పట్టు నేర్చుకున్నప్పుడు కూడా అచ్చం అలాగే ఉండేది. ఒంటికి అలవాటైనదే తిన్నగా అనిపిస్తుంది. అందుకని అది చెప్పేది వినకు, రింగు గీతని చూడు. చెయ్యిని ఒక్కసారిగా లాగేసి పెట్టకు. చూపుడువేలు గీతకి ఆనించి, దాని పక్కన ఒక్కో వేలూ పెట్టు. నాలుగూ కూర్చున్నాక బార్ కిందికి దూరు. ముందు ఖాళీ బార్‌తో చెయ్యి, సిగ్గుపడకు.

కోపం ఉంచుకో. నేనేం దాన్ని తీసెయ్యమనడం లేదు.

అత్త


శిక్షణా శిబిరం,
కిటికీ పక్క మంచం

అత్తా,

పోటీ అయిపోయింది. ముందే చెప్పేస్తున్నాను, చోటు తాబేలుకి వచ్చింది. ఇప్పుడు కంగారు లేకుండా చదువు. నేనైతే కంగారు లేకుండా రాయలేను, ఇది మూడో కాగితం.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివి, ఏమీ తేల్చుకోకుండానే హాల్లోకి వెళ్ళాను. మనిషికి మూడు అవకాశాలు. మొదటిసారి రింగు గీతకి వేలు ఆనించి ఒక్కో వేలూ పెట్టాను. తక్కువ బరువే, లేచింది. రెండోదీ అలాగే. తాబేలు నాకంటే పైన ఉంది, ఎప్పట్లాగే ఏమీ తొందర లేదు. మూడోదానికి నేను ఎంత పెట్టమన్నానో విని బల్ల దగ్గర కూర్చున్నవాళ్ళు తలెత్తి చూశారు. అది లేస్తే చోటు నాది. పాత పట్టుతో అదే బరువు అంతకు ముందు ఎన్నోసార్లు లేపాను.

బార్ కిందికి దూరాను. వీపు బిగించాను. స్టాండు మీంచి ఎత్తి రెండడుగులు వెనక్కి వేసి నిలబడ్డాను. ఎంత హాయిగా ఉందో అత్తా! అన్నీ ఎక్కడివక్కడ సర్దుకున్నాయి. కాళ్ళు నావే. ఊపిరి నాదే. ఎదురుగా కూర్చున్న జడ్జి చెయ్యి పైకి లేచి ఉంది, అది కిందికి దిగితే నేను దిగాలి.

ఆ హాయే నన్ను పట్టించింది. చేతులు సమానంగా ఉన్నప్పుడు నాకు ఒక్కరోజు కూడా హాయిగా లేదు. చూడకుండానే తెలిసింది, నా ఎడమ చెయ్యి దాని పాటికి అది పాత చోటుకి వెళ్ళిపోయింది. నేను గీత చూడలేదు. చూడటం మర్చిపోయానా, మర్చిపోవాలనుకున్నానా, ఇప్పటికీ తెలియదు.

జడ్జి చెయ్యి ఇంకా దిగలేదు. నేను దిగిపోవచ్చు. ఒక్కసారే కదా. అందరికీ కనబడేది బరువే, నా చేతులు ఎవరు చూస్తారు? అప్పుడు నువ్వు గాజు అద్దం వెనక కూర్చుని ఉన్నట్టు కనబడ్డావు. జాలి వేసిందని రాస్తే అబద్ధం అవుతుంది. భయం వేసింది. ముందుకి రెండడుగులు వేసి బార్‌ని స్టాండు మీద పెట్టేశాను.

"ఏమైంది? ఏమైంది?" అని ఎవరో అరుస్తున్నారు. ఒక్కో అవకాశానికి ఇచ్చే కాస్త టైమూ గడియారంలో నడుస్తూనే ఉంది. చూపుడువేలు గీతకి ఆనించాను. దాని పక్కన రెండోది. మూడోది జారింది, మళ్ళీ పెట్టాను. నాలుగోది పెట్టి, దూరి, ఎత్తి, వెనక్కి వచ్చి నిలబడ్డాను. బార్ ఎప్పట్లాగే వంకరగా అనిపించింది, అంటే తిన్నగా ఉందన్నమాట. జడ్జి చెయ్యి లేచింది. అది దిగేలోపు గంట మోగింది. టైమైపోయింది.

స్కేలు సార్ బార్ మీద నా చేతుల వైపు ఒకసారి చూశాడు. స్కేలు బయటికి తియ్యలేదు. "ప్లేట్లు తీసెయ్యండి" అన్నాడు.

తాబేలు నా కోసం మెట్ల దగ్గర నిలబడింది.

"నువ్వు మొదట ఎత్తినప్పుడే దిగి ఉంటే నేను పోయేదాన్ని."

"తెలుసు."

"కోపంగా లేదా?"

"ఉంది. కాసేపు నాతో మాట్లాడకు."

తను నా పక్కనే కూర్చుని ఉంది. అలా కూర్చోవడం దానికి చాతనైనట్టు ఎవరికీ చాతకాదు. నేను మాత్రం లేచి, కూర్చుని, మళ్ళీ లేచి, కారిడార్ అంతా తిరిగాను. ఆ గంట ఇంకొంచెం ఆగి ఉంటే సమానమైన చేతులతో నేను ఆ బరువు లేపేదాన్నా? లేచేది కాదేమో. లేచేదేమో. ఇది నాకు ఎప్పటికీ తెలియదు. ఆ తెలియకపోవడమే నన్ను ఒక చోట ఉండనివ్వడం లేదు. ఏడవలేదు కానీ, ఏడిస్తే బాగుండేది, ఒక పని అయిపోయేది.

సార్ పిలిచి శిబిరం అయ్యేదాకా ఉండమన్నాడు. జట్టుకి కాదు, ఊరికే. ఖాళీ బార్‌తో మొదలుపెడదాం అన్నాడు. ఉంటాను.

తుంటి ఇవాళ రెండు మెట్లే.

పిడుగు


డిపో,
కౌంటరు మూసేసి, అద్దానికి ఇవతలి పక్క

ఒసేయ్ పిడుగూ,

చోటు పోయిందని చదవగానే ఆ గంట కొట్టినవాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టాను. అద్దం కన్నంలోంచి చెయ్యి పెట్టిన ముసలాయన చెయ్యి వెనక్కి లాక్కున్నాడు పాపం. నాకు బాధగా లేదని రాయను. నువ్వు ఆ జట్టు చొక్కా వేసుకుని రావాలని నేను ఎంత అనుకున్నానో నీకు తెలియదు. హారన్‌తో చెబితే, "బరువు వీపు మీద పెట్టుకుని, నిలబడి, మళ్ళీ దించేసిందా? దిగడం కంటే అదే కష్టం తల్లీ" అన్నాడు. వాడికి స్క్వాట్ గురించి ఏమీ తెలియదు. అయినా నేను ఎదురు చెప్పలేదు.

భయం వేసిందని రాశావు. అది చదివాక నేనూ కుర్చీలోంచి లేచాను, మూడు ప్రయత్నాల మీద. నాకూ భయమేనే, ఇన్నాళ్ళూ దానికి పొగరు అని పేరు పెట్టుకుని తిరిగాను. డాక్టరు దగ్గరికి వెళ్ళాను. మీ నాన్నని వెంట తీసుకెళ్ళాను. దారి పొడుగునా తిట్టాడు, తిరిగొచ్చేటప్పుడు చెయ్యి పట్టుకున్నాడు.

ఆపరేషన్‌కి ఒప్పుకున్నాను. తర్వాత షెడ్డులోకి వెళ్ళొచ్చా అని అడగాలనుకుని నోటిదాకా తెచ్చుకున్నాను. డాక్టరు నా మొహం చూసి, "ఏమన్నా అడగాలా అమ్మా?" అన్నాడు.

"ముందు తిన్నగా నడవడం నేర్పండి" అన్నాను.

అత్త